పాత బిళ్ళలా, పరదేశం బిళ్ళలా? సిక్కోలు, విజయనగరం వైపు ఏవి పోగుచేస్తే మేలు

నాణేలు పోగుచెయ్యాలని సరదా పుట్టినవాళ్ళు మొదట అడిగేది "ఏవి కొంటే రేపు రేటు పెరుగుతుంది?" అని. మన వైపు ఉన్నవాళ్ళు దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. చేతికొచ్చిన బిళ్ళ అసలుదో నకిలీదో నాకు నేనుగా తేల్చుకోగలనా? హైదరాబాదు, చెన్నై లాంటి చోట్ల నాణేల వర్తకులుంటారు, ప్రదర్శనలు జరుగుతాయి, అనుమానం వస్తే పట్టుకెళ్ళి చూపించుకోవచ్చు. విజయనగరం గంటస్తంభం దగ్గర బంగారం కొట్లోనో, శ్రీకాకుళం జి.టి. రోడ్డులోనో చూపిస్తే వెండి ఉందో లేదో చెబుతారు, అంతవరకే. ఏ ఏడాదిది, ఏ టంకశాలది, పోత పోసిందా అచ్చు కొట్టిందా అన్నది వాళ్ళ వ్యాపారం కాదు.

అంచేత చిన్న డిజిటల్ త్రాసు, అయస్కాంతం, భూతద్దం, ఈ మూడింటితో ఇంట్లో కూర్చుని మనమే తేల్చుకోగలిగిన రకంతో మొదలెట్టాలన్నది నా వాదన. నా వరస ఇది: ముందు పైసలు, వాటితోపాటే విదేశీ చిల్లర, తరవాత అణాలు, వెండి రూపాయలు, చాలా చివర ప్రాచీన నాణేలు. ప్రభుత్వం అమ్మే స్మారక నాణేలు ఈ వరసలోకి రావు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

పైసలు

దేవుడి గూట్లోనో, పాత ట్రంకు పెట్టె అడుగునో చెయ్యి పెడితే మొదట తగిలేవి ఇవే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలన్న లెక్క వచ్చింది. 1964 జూన్ 1 నుంచి 'నయా' పోయి ఒట్టి పైసలయ్యాయి. అంచు వంపులు తిరిగిన రెండు పైసలు, పది పైసలు, నలుచదరపు ఐదు పైసలు, ఆరు మూలల మూడు పైసలు, తామరపువ్వున్న ఇత్తడిరంగు ఇరవై పైసలు, ఖడ్గమృగం ఉన్న పావలా... 25 పైసలు, అంతకు తక్కువవి 2011 జూన్ 30తో చెలామణీలోంచి తీసేశారు. 50 పైసల బిళ్ళ చట్టం ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, ఏ కొట్టువాడూ ముట్టుకోకపోయినా.

ఈ రకంలో అసలు మజా ఏడాది అంకె కింద ఉండే చిన్న గుర్తులో ఉంది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, అయిదు కోణాల చుక్క ఉంటే హైదరాబాదు, గుండ్రటి బొట్టు ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. నోయిడా టంకశాల 1988లో మొదలైంది, కాబట్టి అంతకు ముందటి బిళ్ళ మీద బొట్టు కనిపిస్తే అనుమానించండి. హైదరాబాదు వాళ్ళు ఒకప్పుడు చీలిన వజ్రం, మధ్యలో చుక్క ఉన్న వజ్రం కూడా వాడారు. భూతద్దం లేకుండా చూసి ముంబయి అనేసుకునేది వీటినే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. దేశంలో చిల్లరకి కరువొచ్చినప్పుడు ప్రభుత్వం బయటి దేశాల్లో కూడా మన రూపాయలు అచ్చు వేయించింది. 1985 రూపాయి బిళ్ళ మీద ఇంగ్లీషు 'హెచ్' అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలది. 1990ల చివరి రూపాయి మీద చిన్న సున్నా కింద 'ఎం' ఉంటే మెక్సికో. వలయంలో 'ఎంకే' ఉంటే స్లొవేకియాలోని క్రెమ్నిత్సా. నిన్నమొన్నటి దాకా కూరగాయల సంతలో చేతులు మారిన బిళ్ళల్లోనే పరదేశపు అచ్చులున్నాయన్నమాట. పైసా ఖర్చు లేకుండా, కొట్టువాడిని అడిగి చిల్లర తెచ్చుకుని ఏరుకోవచ్చు.

మామూలు పది పైసల బిళ్ళకి నకిలీ తయారుచేసే ఓపిక ఎవడికీ ఉండదు. పైసలకి నేను మొదటి ఓటు వేసేది అందుకే. లోటు లేదని కాదు. వీటి రేటు ఏళ్ళు గడిచినా పదుల రూపాయల్లోనే నడుస్తుంది, ఏవో కొన్ని సంవత్సరాలవి తప్ప. పైగా అల్యూమినియం పైసలకి మన సముద్రపు గాలి పడదు. కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్ళలో దొరికేవి తెల్లటి పొక్కులు లేచి ఉంటాయి. మచ్చలేనివి కావాలంటే వెదకాలి. ఇంట్లోవాళ్ళు "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అంటే పడాల్సిందే.

విదేశీ చిల్లర

కొనుక్కుని పోగుచేసేవాడికీ, అడిగి పోగుచేసేవాడికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు ఊరూరా గల్ఫుకీ, సింగపూరుకీ, మలేషియాకీ వెళ్ళినవాళ్ళున్నారు. సెలవుకి వచ్చేటప్పుడు నోట్లయితే మార్చుకుంటారు. బిళ్ళల్ని మార్చేవాడు తీసుకోడు. అవి బీరువా సొరుగులో పడి ఉంటాయి, లేదా పిల్లలు ఆడుకుని పారేస్తారు. "బావా, సెంటూ సబ్బులూ అక్కర్లేదు గానీ మిగిలిన చిల్లర పారేయకు" అని ఫోనులో ఒక్కమాట చెప్పి ఉంచితే చాలు.

ప్రపంచమంతా పోగుచేస్తానని బయల్దేరితే ఎక్కడా తెమలదు. ఇంటర్నెట్‌లో కిలోల లెక్కన అమ్మే కలగాపులగం సంచుల జోలికి అసలు పోవద్దు. అవే అవే బిళ్ళలు వస్తాయి. మన వైపు వాళ్ళకి గల్ఫ్ ఆరు దేశాలు చక్కటి హద్దు: ఎమిరేట్స్, సౌదీ, ఖతార్, కువైట్, బహ్రెయిన్, ఒమన్. ఎమిరేట్స్ దిర్హం మీద కాఫీ కూజా, కువైట్ బిళ్ళల మీద తెరచాప ఓడ, ఒమన్ వాటి మీద ఒరలో కటారు, కత్తులు, సౌదీ వాటి మీద ఖర్జూరపు చెట్టు కింద అడ్డకత్తులు. ఈ హద్దుకి మనతో చుట్టరికం కూడా ఉంది. 1960ల దాకా ఆ తీరంలో చాలాచోట్ల మన రూపాయే చెల్లేది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చు వేసింది. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దీనార్లు తెచ్చుకున్నాయి, 1966లో మన రూపాయి విలువ తగ్గించాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరే సొంత డబ్బుకి మారారు. ఒమన్ 1970 దాకా ఆగింది.

ఏడాది చదవడం మొదట్లో తికమకగా ఉంటుంది, రెండు పూటలు కూర్చుంటే వచ్చేస్తుంది. అరబ్బీ అంకెల్లో చుక్క సున్నా, మన సున్నాలా కనిపించేది అయిదు, ఇంగ్లీషు ఏడులా ఉండేది ఆరు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన వాడుక సంవత్సరం దరిదాపుల్లోకి వస్తుంది: హిజ్రీ 1400 అంటే 1980. థాయిలాండ్ బిళ్ళ మీది అంకెలోంచి 543 తీసెయ్యాలి, నేపాల్ బిళ్ళ మీది అంకెలోంచి 57. లిపి ఏదో పోల్చుకోలేకపోతే నుమిస్టా అనే ఉచిత జాబితాలో బొమ్మ పెట్టి వెదకొచ్చు.

పెద్దవాళ్ళ తరం రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళొచ్చిన ఇళ్ళలో ఆశ పడి వెదికేవాళ్ళకో మాట. ఒకప్పుడు కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి స్టీమర్లెక్కి మనవాళ్ళు బర్మా వెళ్ళేవారు. ఇంగ్లీషువాళ్ళ హయాంలో బర్మాలో చెల్లింది మన రూపాయలే. కాబట్టి తాత రంగం నుంచి తెచ్చిన వెండి రూపాయి అని చూపిస్తే, అది నూటికి తొంభై పాళ్ళు కలకత్తాలోనో బొంబాయిలోనో అచ్చయినదే. నెమలి బొమ్మ ఉంటే మాత్రం ఆగండి. అది మాండలే రాజు మిండన్ కాలంది. మలయా వెళ్ళొచ్చిన ఇళ్ళలో నలుచదరపు సెంటు బిళ్ళ దొరుకుతుంది, ఆరవ జార్జి తలతో. ఖరీదైంది కాదు గానీ చూడముచ్చటగా ఉంటుంది.

విదేశీ నాణేలు ఎన్ని ఉంచుకోవచ్చన్న భయం అక్కర్లేదు. విదేశీ నోట్లకి పరిమితి ఉంది గానీ, బిళ్ళలకి లేదు. నకిలీల బెడద కూడా మామూలు చిల్లరలో లేదు. పెద్ద వెండి డాలర్లలో ఉంది. అమెరికా ట్రేడ్ డాలర్లని చూపించేవి చాలామట్టుకు పోతపోసినవే. 1780 అని రాసి ఉన్న ఆస్ట్రియా రాణి మరియా థెరీసా వెండి బిళ్ళ నకిలీ కాకపోవచ్చు, కానీ ఆ తారీఖుతోనే తరవాత రెండు శతాబ్దాలూ అచ్చు వేస్తూ వచ్చారు. పాతదనుకుని పాత రేటు పెట్టకండి.

అణాలు, కాణీలు, వెండి రూపాయలు

రూపాయికి 16 అణాలు, 64 కాణీలు, 192 దమ్మిడీలు. ఈ లెక్క నోటికొచ్చిన మామ్మలు ఇంకా కొందరున్నారు. వాళ్ళని కూర్చోబెట్టి బిళ్ళలు చూపించి అడిగితే ఏ దానికేం వచ్చేదో చెబుతారు. ఏ కేటలాగులోనూ దొరకని సరుకు అది.

తక్కువ ఖర్చులో మొదలెట్టాలంటే చిల్లుకాణీ. 1943 నుంచి 1947 దాకా, యుద్ధకాలంలో లోహం ఆదా చెయ్యడానికి మధ్యలో చిల్లుపెట్టి కొట్టిన కంచు బిళ్ళ. దండిగా దొరుకుతుంది. ఆ తరవాత అంచు వంపుల అణా, చదరపు బేడ (రెండణాల బిళ్ళ). ఇవన్నీ రాగినికెల్, కంచు బిళ్ళలు, చౌక. ఇక్కడి దాకా పైసలంత సురక్షితమే.

వెండి రూపాయి దగ్గరికొచ్చేసరికి సంగతి మారుతుంది. దీన్ని త్రాసుతో తేల్చుకోవచ్చు, కాకపోతే తెలిసి తూచాలి. 1835 నుంచి వచ్చిన రూపాయిల బరువు 11.66 గ్రాములు, పాత లెక్కన సరిగ్గా ఒక తులం. బాగా అరిగితే కొంచెం తగ్గుతుంది గానీ పెరగదు. 11.66 కంటే ఎక్కువ తూగిందా, వదిలెయ్యండి. తక్కువ తూగి అరుగుదల కనిపించకపోయినా వదిలెయ్యండి. తిప్పలు ఎక్కడంటే, విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి రూపాయల్లో వెండి 91.7 శాతం. ఆరవ జార్జివి 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో సగమే వెండి. 1947లో పులిబొమ్మతో వచ్చిన రూపాయిలో వెండే లేదు, నికెలు. మూడింటి బరువూ ఒకటే. పులి రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, తేలిపోతుంది. సగం వెండిదాన్ని మాత్రం ఏడాది చూసే పట్టాలి. "వెండి రూపాయి" అని ఒకే రేటు చెప్పి 1944 బిళ్ళ అంటగట్టేవాళ్ళున్నారు.

పాత తారీఖు చూసి మురిసిపోవడం ఇంకో ఉచ్చు. 1862 విక్టోరియా రూపాయి చూడగానే అబ్బో అనిపిస్తుంది. ఆ ఏడాది అంకెతోనే 1874 దాకా కొడుతూ పోయారు, అందుకే అవి బోలెడు. 1911 అయిదో జార్జి రూపాయిది వేరే కథ. రాజు వేసుకున్న అంగీ మీది గొలుసులో ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవయ్యి, 1912కి తొండం కనిపించేలా అచ్చు మార్చారు. పంది రూపాయి అని పేరుపడి ఎక్కువ రేటు పలుకుతుంది. ఎక్కువ రేటు పలికేదానికే నకిలీలు ఎక్కువ. 1939 రూపాయికీ అదే జబ్బు. ఈ రెండూ దొరికాయని ఎవరైనా చవగ్గా ఇస్తానంటే, ఎందుకు చవగ్గా ఇస్తున్నాడో ముందు ఆలోచించండి.

మన ఏజెన్సీ వైపూ, పల్లెల్లోనూ రూపాయల్ని దండగా వేసుకునేవారు. కొక్కెం అతికిన గుర్తు, చిల్లు పూడ్చిన గుర్తు అంచు మీద ఉంటే అది నాణేల లెక్కలో కాదు, వెండి లెక్కలోకి వస్తుంది. అమ్మేవాడు నున్నగా అరగదీసి తెస్తాడు. అంచు చుట్టూ ఉండే సన్నగీతలు ఒకచోట మాయమై ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. మీ ఇంటి దండయితే మాత్రం విప్పకండి. విడివిడి రూపాయల కంటే ఆ దండే అపురూపం.

పెట్టుబడిగా చూస్తే ఈ వరసలో వెండి రూపాయి ఒక్కటే కాస్త నమ్మకం. ఎంత అడుగుకి పోయినా వెండి ధర ఉంటుంది. కొనేటప్పుడు ఆ రోజు వెండి ధర చూసుకుని దానిమీద ఎంత పైకం ఇస్తున్నానన్నది లెక్క వేసుకోండి. అమ్మేటప్పుడు నాణేల వర్తకుడి దగ్గరికి పోకుండా బంగారం కొట్టుకి పోతే, ఆ పైకం ఎలాగూ తిరిగి రాదు.

మన నేల నాణేలు

ముఖలింగం పేరు వింటే ఒళ్ళు పులకరించే చరిత్ర పిచ్చివాళ్ళకి తూర్పు గాంగుల ఫణాల మీదకి మనసు పోతుంది. అర గ్రాము కూడా తూగని బంగారపు చుక్క. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు ఏనుగు అంకుశం, రాజు పాలన సంవత్సరపు అంకె. కళింగనగరం ఏలినవాళ్ళ డబ్బు మన చేతిలో ఉండడమంటే అందరికీ ఆశే. అయినా మొదటి రెండేళ్ళు వద్దంటాను. చేత్తో కొట్టిన నాణెం ఏ రెండూ ఒకలా ఉండవు. అంత చిన్నదాన్ని అసలో నకిలీయో ఇంటి త్రాసుతో తేల్చలేం. దానికి తోడు చట్టం ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. "చేలో దున్నుతుంటే దొరికాయి బాబూ" అని ఎవరైనా కుండలోంచి తీసి ఇస్తే, అవి నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలువి అయితే కేసు పడుతుంది.

చరిత్రే కావాలనుకుంటే మధ్యేమార్గం ఒకటుంది. చికాకోలు సర్కారు ఒక భాగంగా ఉన్న ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లోనూ, 1797లోనూ బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద రాగి నాణేలు కొట్టించింది. రూపాయికి 48 వచ్చేది ఒకటి, 96 వచ్చేది ఒకటి. యంత్రపు అచ్చు కాబట్టి బొమ్మ, అంచు, బరువు అన్నీ పోల్చి చూసుకోవచ్చు. మన తాతముత్తాతల అంగళ్ళ కోసం తయారైన డబ్బిది. గాంగుల ఫణానికి పెట్టే ఖర్చులో చిన్న ముక్కతో వస్తుంది. 1808 నాటి మద్రాసు పది కాసులు, ఇరవై కాసుల రాగి బిళ్ళలు ఇంకా తేలిక. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలో మునిగింది. 1980ల్లో పైకి తీసిన ఆ సరుకే ఇప్పటికీ బజారులో తిరుగుతోంది. రెండు వందల ఏళ్ళనాటి బిళ్ళ ఇంత చవకేమిటని జంకక్కర్లేదు.

స్మారక నాణేలు

2023 ఆగస్టులో విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం గుర్తుంది కదా: 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, సగం వెండి. ఇలాంటివి టంకశాల నేరుగా అమ్ముతుంది. నకిలీ భయం లేదు, పెట్టె అందంగా ఉంటుంది, అభిమానం ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. ముఖవిలువ వంద, ఇచ్చేది వేలల్లో. దీన్ని పోగుచెయ్యడం అనడానికి నాకు నోరు రాదు, వెదుకులాట ఏదీ? చెలామణీలోకి వచ్చే స్మారక బిళ్ళలు వేరు. 1964 నెహ్రూ రూపాయితో మొదలైన ఆ వరస చిల్లరలోనే దొరుకుతుంది. పది రూపాయల బిళ్ళలు చెల్లవని మన బజార్లలో తోసిపుచ్చడం పిచ్చిమాట. పద్నాలుగు రకాలూ చెల్లుతాయని 2018లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అవతలివాడు వద్దన్నవి మీరు తీసుకుంటే పద్నాలుగు రకాలూ ఊరికే పూర్తవుతాయి.

మోసాలు, జాగ్రత్తలు

రాముడు, సీత, లక్ష్మణుడు ఉండి వెనక ఈస్టిండియా కంపెనీ, 1818 అని రాసి ఉన్న బిళ్ళ కంపెనీ ఏనాడూ కొట్టలేదు. పూజకి పెట్టుకోవచ్చు, లక్షలకి కొనొద్దు. బియ్యాన్ని లాగే నాణెం అంటూ తిరిగేవాళ్ళు ఒట్టి దొంగలు. వైష్ణోదేవి అయిదు రూపాయలకి, ట్రాక్టరు నోటుకి లక్షలిస్తామని ఫోనులో వచ్చే ప్రకటనలూ అంతే. ముందు పన్ను కట్టమనో, కమీషను పంపమనో అడిగితే అక్కడితో ఫోను పెట్టెయ్యండి. తమ పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

రాగి బిళ్ళ దొరగ్గానే చింతపండు పెట్టి తోమడం మన ఇళ్ళలో చెయ్యి తిరిగిన పని. దయచేసి వద్దు. తళతళలాడే పాత నాణేన్ని తెలిసినవాడెవడూ కొనడు. మట్టి ఉంటే ఒట్టి నీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి. అంచుల్ని పట్టుకోవడం అలవాటు చేసుకోండి. మెత్తటి పీవీసీ కవర్ల ఆల్బములు చవకే గానీ, ఉక్కపోతకి ఏడాది తిరిగేసరికి నాణేల మీద జిగట కిలుము పట్టిస్తాయి. అట్టముక్కల మధ్య మైలార్ పొర ఉండే జేబులు కొనండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి వర్షాకాలం ముందు మార్చండి.

మీరు పోగుచేసినవాటిలో మంచి బిళ్ళ ఒకటి అమెరికాలో ఉన్న అబ్బాయికో, అల్లుడికో ఇచ్చి పంపాలనుకుంటే తారీఖు చూసుకోండి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. అయిదో జార్జి రూపాయిల్లో 1922 దాకా వచ్చినవన్నీ ఇప్పటికే ఆ గీత దాటేశాయి. ఆరవ జార్జివీ, పైసలూ అయితే ఇబ్బంది లేదు.